ఎన్

తొమ్మిదింపావుకి పట్టీ మూస్తాను.
ఆ తర్వాత వచ్చినవాడు ఆలస్యం.
తొమ్మిదిన్నర దాటితే ఆలస్యం కూడా కాదు,
నీళ్ళోడుతూ నా కిటికీ ముందు నిలబడి
తుమ్ముతున్నా సరే, గైర్హాజరే.
నిబంధన నేను రాయలేదు.
ముద్ర మాత్రం నాదే.

ప్రతి పిల్లకీ పూటకో గీత.
పొద్దుటిది ఇటు వాలుతుంది, మధ్యాహ్నానిది అటు.
రెండూ కలిస్తే చిన్న ఇంటికప్పు.
రానివాళ్ళకి అక్షరాలు:
జ్వరానికి ఐ, పంటి డాక్టరుకి ఎం,
చెప్పకుండా స్పెయిన్ ఎండకి ఎగిరిపోయినవాళ్ళకి జి,
ఎందుకు రాలేదో ఇంకా తెలియనివాళ్ళకి ఎన్.
ఎన్‌ని ఎక్కువ రోజులు ఉంచనివ్వరు.
వారం తిరిగేసరికి తెలియకపోవడం తప్పయిపోతుంది,
చెరిపి ఓ పెట్టాలి.
గుండ్రంగా, నోరు తెరిచినట్టు.

మార్చి నెలంతా
పదో తరగతి ఇథెల్ ప్యూ వరసలో
ఎన్, ఎన్, ఓ, ఓ,
మధ్యలో ఒక్క ఇంటికప్పు, మళ్ళీ ఓ.
ఫోన్ చేస్తే మోగేది. మోగి మోగి
ఒకసారి ఎవరో ఎత్తారు,
గొర్రె అరిచింది, పెట్టేశారు.
దాన్ని ఏ అక్షరం కింద వేసుకోను?

ఎనభై తొమ్మిది పాయింట్ నాలుగు శాతం.
తొంభై కిందకి దిగితే ఎరుపు దానంతటదే వస్తుంది.
రోసర్ మేడం ఉత్తరం మీద సంతకం గిలికి
"పోస్టులో పడెయ్యి మెన్నా" అంది.
జరిమానా అరవై పౌండ్లు, గడువు దాటితే రెట్టింపు.
లెక్కల్లో సున్నాలొచ్చేవాడికైనా అర్థమయ్యే లెక్క.

పోస్టులో వెయ్యలేదు. ఎందుకని అడక్కండి.
స్టాంపు ఖర్చు మిగులుతుందని నాకు నేను చెప్పుకున్నాను.

బ్రెకన్ కొండదారిలో
దిగి గేటు తీసి, ఎక్కి, దిగి మూసి,
బురదలో ఒక బూటు వదిలి, మళ్ళీ లాక్కుని,
కొట్టం దగ్గరికి చేరాను.
తండ్రి కుర్చీలో, తొడదాకా పిండికట్టు.
"బండి తిరగబడింది" అన్నాడు
నా మొహం చూడకుండా. అంతే.

ఇథెల్ చొక్కా చేతులు పైకి మడిచి
గొర్రె వెనక మోకాళ్ళ మీద ఉన్నాడు.
"ఒక్క నిమిషం, మిస్."
బళ్ళో ఎప్పుడూ అంత మర్యాదగా మాట్లాడిన దాఖలా లేదు.
రెండు గిట్టలు, ఓ ముక్కు,
ఆవిర్లు కక్కుతూ పసుపుపచ్చని తడి మూట
గడ్డిలోకి జారింది. కదల్లేదు.
వాడు గడ్డిపరకతో దాని ముక్కులో గెలికాడు.
తుమ్మింది.
హాజరు.

అప్పుడు చూశాను కొట్టం తలుపు.
సుద్దతో గళ్ళు. గొర్రె నంబరు, పిల్ల నంబరు.
పుడితే ఇటు గీత, పాలు తాగితే అటు గీత,
చచ్చిపోతే సున్నా.
డుమ్మా కొట్టిన దొంగ
నా పట్టీని ఎప్పుడు చూసి దాచుకున్నాడో!
నలభై ఒకటి ఎదురుగా మాత్రం ఖాళీ.
"ఇదేంటి?"
"కనబళ్ళేదు మిస్. నిన్న సాయంత్రం ఉంది.
నక్కో, వాగో. తెలీదు."
"ఎన్నాళ్ళు ఉంచుతావ్ అలా?"
నా బుర్ర పనిచేస్తోందా అన్నట్టు చూశాడు.
"దొరికేదాకా."

ఉత్తరం ఇచ్చాను. ఇవ్వకుండా ఎలా వస్తాను?
తండ్రి విప్పలేదు, టీ కప్పు కింద పెట్టాడు.
ఆ తర్వాత వాగు వెంట వాడు ఆ గట్టున, నేను ఈ గట్టున,
ముళ్ళకంచెకి చిక్కిన ఉన్నిపోచలన్నీ
తెల్లగా కదిలి మోసం చేశాయి.
ఆ రోజు మధ్యాహ్నం పట్టీ ఎవరు మూశారో
ఇప్పటికీ నాకు తెలియదు.

మర్నాడు తొమ్మిదీ ముప్పై రెండుకి
కిటికీ అవతల వాడు.
వేళ్ళకి అయోడిన్ మరకలు, జుట్టు నిండా వాన.
గడియారం చూశాను. వాడూ చూశాడు.
గైర్హాజరు అనే రాశాను, చెయ్యి కొంచెం ఆగినా.
"నలభై ఒకటి?" అన్నాను గొంతు తగ్గించి.
తల అడ్డంగా ఊపాడు.
తర్వాత,
"పెన్సిలుందా, మిస్?"