కుక్కను పట్టుకోండి

మేం నేర్చుకున్న తొలి మంగోల్ మాట
దేవుడు కాదు, ప్రేమ కాదు.
కుక్కను పట్టుకోండి.
ఎవరి గుడారం దగ్గరికెళ్ళినా
గుర్రం దిగకముందే కేకెయ్యాల్సిన మాట.
కుక్క లేకపోయినా కేకెయ్యాలి.
అక్కడ తలుపు తట్టడమంటే అదే,
కుశలం అడగడమూ అదే.

మోక్పో రేవులో మా సంఘం వాళ్ళు
చెక్కపెట్టె నిండా సర్ది ఇచ్చారు:
ఎండబెట్టిన సముద్రపు నాచు, పాటల పుస్తకాలు,
కడుపునొప్పి మాత్రలు,
మూడు నెలలకోసారి నింపి పంపాల్సిన ఫారాలు.
ఫారం చివర ఒక గడి.
రక్షణ పొందిన ఆత్మలు, అంకెల్లో.

ఏడాదిన్నర భాష నేర్చి గీహ్యోక్
తొలి ప్రసంగానికి తప్పిపోయిన గొర్రెను ఎంచుకున్నాడు.
గొర్రెల వాళ్ళకి గొర్రె కథ కంటే ఏం కావాలి అనుకున్నాం.
పదకొండుమంది వచ్చారు.
నలుగురు మా పొయ్యి కోసం వచ్చారు,
నేను వాళ్ళనీ లెక్కలో వేశాను.

కథ అయ్యాక యంజ్మా
ఉప్పు టీ గిన్నె కింద పెట్టి అడిగింది:
"ఆ తొంభై తొమ్మిదినీ ఎవరికి అప్పజెప్పి వెళ్ళాడు?"

గీహ్యోక్ మళ్ళీ పుస్తకం తెరిచాడు.
అడవిలో విడిచిపెట్టి, అని ఉంది.
ముసలివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.
"అయ్యో, పొరుగున ఎవరూ లేరు కాబోలు"
అంది యంజ్మా, నిజంగానే జాలిపడి.

ఆ రాత్రి మా ఆయన ముద్ద ముట్టలేదు.
నాకు నవ్వొచ్చింది.
దుప్పటి నోట్లో కుక్కుకుని నవ్వాను.

తర్వాత జుద్ వచ్చింది.
జుద్ అంటే కరువు అని రాసుకున్నాను నోటుబుక్కులో.
తప్పు.
కరువులో గడ్డి ఉండదు.
జుద్‌లో ఉంటుంది, గాజుపలక లాంటి మంచు కింద,
ఆకు ఆకూ కనబడుతూ.
గొర్రె మూతితో కొడుతుంది,
మూతి చిట్లి నెత్తురోడుతుంది,
గడ్డి అలా కనబడుతూనే ఉంటుంది.
పొద్దున్నే చూస్తే
నిలబడ్డవి నిలబడ్డట్టే పోయి ఉంటాయి.

గీహ్యోక్ పిండి బస్తాల కోసం పట్నం వెళ్ళిన రోజు
గాలి తిరిగింది.
యంజ్మా వచ్చి నన్ను తన దొడ్డికి లాక్కెళ్ళింది.
నల్లమచ్చ మొహంది కనబడలేదు, చూలుది.
"చూస్తుండు. అరవై మూడు ఉన్నాయి."
అంతే. చేతిలో ఓ లాంతరు పెట్టి
తెల్లటి గోడలోకి నడిచిపోయింది.

ఇంత దూరం వచ్చింది మాటలు చెప్పడానికే గదా,
ఇంత తక్కువ మాటలతో
నన్నెవరూ ఎప్పుడూ నమ్మలేదు.

మంగోల్‌లో లెక్క మొదలుపెడతాను,
నలభై దాటితే అంకెలు జారిపోతాయి.
కొరియన్‌లో మొదలుపెడతాను,
గొర్రెలు కదిలిపోతాయి.
మధ్యలో ప్రార్థన చేద్దామని కళ్ళు మూశాను,
లెక్క తప్పింది.
కళ్ళు తెరిచి లెక్కే పెట్టాను.

నడిరేయి చేతులు కాచుకుందామని లోపలికి వెళ్తే
ఉత్తరం వైపు, ఆమె దేవుళ్ళ ముందు
వెన్నదీపం కొండెక్కబోతోంది.
ఒక్క క్షణం చూశాను.
వేలితో వత్తి ఎగదోశాను.
ఎందుకని నన్నడగొద్దు.
మోక్పో వాళ్ళకి ఈ మాట రాయలేదు.
ఆ ఫారం గడిలో అరవై మూడు అని రాసి
కొట్టేశాను.

తెల్లారగట్ల అలికిడి.
కుక్క మొరగలేదు,
మంచులో తోక కొట్టుకుంటున్న చప్పుడు.
అది దాని మనిషే.
చంకలో ఏమైనా ఉందో
ఖాళీ చేతులో, ఆ మసకలో తెలియలేదు.
తన గుడారం ముందు తనే ఆగి,
తన కుక్కనే చూస్తూ,
గాలికి అరిగిపోయిన గొంతుతో
లోపలున్న నాకు వినబడేలా కేకేసింది:

కుక్కను పట్టుకోండి.