మిగిలిన సగం

రసీదు చింపితే ఒక సగం ఇచ్చినోళ్లతో పోతుంది,
ఇంకో సగం పుస్తకంలో ఉండిపోతుంది.
ఆ సగాలు ముందేసుకుని కూర్చున్నా ఈ పొద్దు.
రేపటి నుంచి లెక్కలన్నీ కంప్యూటర్లోనే.

మొదటిది, తడిసి ఊదాగా పారిన ఇంకు:
కుళ్లాయప్ప, లారీ డ్రైవరు, ఎర్రగుంట్ల.
రొక్కం లేదు. విరిగిన కమాను పట్టీ ఒకటి.
రేకుల షెడ్డు దూలానికి కట్టి సుత్తితో కొడితే
సిమెంటు ఫ్యాక్టరీ సైరన్‌ను దాటి వినపడేది.
అప్పుడు పిల్లలు పంతొమ్మిది మంది,
ఫీజు కట్టినోళ్లు ఆరుగురు.

నలభై రెండు: చాంద్‌బీ, పాలిష్ బండల మిల్లు.
ట్రాక్టరెడు నాపరాతి ముక్కలు,
ఏ ముక్కా ఇంకోదానికి కుదరదు.
మేస్త్రీ నర్సోజి మూడు ఆదివారాలు
బొగ్గుతో గీతలేసుకుని పరిచినాడు.
కూలి వద్దన్నాడు, టీ మాత్రం అడిగి తాగినాడు.
మా పిల్లలు సమలంబ చతుర్భుజం నేర్చుకున్నది
ఆ వరండా మీదే,
సారు చాక్‌పీసు తీయకుండా.

గేటు ఇచ్చినాయన పేరు గేటు మీదే ఉంది,
గేటంత పొడుగు.
నేను నవ్వను.
గేటు లేని ఎండాకాలం
ఎనుములొచ్చి తొమ్మిదో తరగతిలో పండుకునేవి.

ఒక ఏడు ఎవరూ ఏమీ ఇయ్యలేదు.
ఆ ఏటి కాగితాలు ఇంకా జంటగానే ఉన్నాయి,
చిల్లుల గీత చెక్కు చెదరకుండా.
ఆ ఏడు టీచర్లు సగం జీతానికి సంతకం పెట్టినారు.
తీసుకోని ఆ సగాన్ని ఏ పద్దులో రాయాల్నో
అప్పుడూ తెలీలేదు, ఇప్పుడూ తెలీదు.

బోండాల ఓబులమ్మది వేరే కథ.
నెలకు ఇరవై, నూనె మరకల నోట్లు, పద్నాలుగేండ్లు.
రాయబోతే చెయ్యి పట్టుకునేది:
"రాస్తే బాకీ మాదిరి ఉంటాది, వద్దు నాయనా."
ఆమె పోయినాక రాసేవాణ్ణి,
పేరు చోట అడ్డగీత పెట్టి.

ఇప్పుడు రెండంతస్తులు, ఆరువందల చిల్లర పిల్లలు.
మొన్న ఓబులమ్మ మనవణ్ణి చేర్చడానికొచ్చి
ఫీజెంత అనింది.
పద్దెనిమిది వేలు.
నా గీతలన్నీ కూడితే మూడువేల మూడునూట అరవై.
నలభై ఏండ్లు లెక్కలు రాసిన చెయ్యి,
తీసివేత రాక ఆగిపోయింది.

పక్కన కంప్యూటరు అమ్మాయి అడుగుతా ఉంది:
"దాత పేరు ఖాళీగా ఉంటే ముందుకు పోదు సార్,
గీత కొట్టినా ఒప్పుకోవట్లేదు.
ఏం పెట్టమంటారు?"

బయట కమాను పట్టీ మోగింది.
ఇంటర్వెల్.