ఆరు నెలల సంతకం

నా సంతకానికి ఆయుష్షు ఆరు నెలలు.
పాలపొడి డబ్బాకి అంతకన్నా ఎక్కువ.

నీలం సిరాతోనే పెడతాను.
నల్లదైతే జిరాక్సు అనుకుంటారని
ఇరవై రెండేళ్ళ కిందట నాకీ కుర్చీ అప్పగించినావిడ చెప్పింది.
బఫెలోలో, సగం నేలలోకి దిగిన గదిలో,
పైనుంచి పోయేవాళ్ళ బూట్లు మాత్రమే కనబడే కిటికీ కింద కూర్చుని
పిల్లల కాగితాల రెండో పేజీ అడుగున
నాలుగు గీతల్లో ఒకదాన్ని నింపుతాను:
లొరెయిన్ వోయ్‌చిక్.
నా పేరు అక్రా వెళ్ళింది, ట్బిలిసీ వెళ్ళింది,
లీమాలో ఒకసారి వానకి తడిసి అలుక్కుపోయి వచ్చింది.
నాకు పాస్‌పోర్టు లేదు.

నెర్గుయ్ ఫిబ్రవరిలో వచ్చింది,
బూట్ల అంచులకి ఉప్పు చారలతో.
చదువయ్యాక దొరికిన పని కూడా ఉప్పే.
మంచుకని రోడ్ల మీద మేం చల్లేది
ఏటిలోకి ఎంత దిగుతోందో సీసాల్లో పట్టి కొలుస్తుంది.
ఉలాన్‌బాతర్లో వాళ్ళక్క కొడుక్కి పుట్టువెంట్రుకలు తీశారట.
అయినవాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కో పాయ కత్తిరించాలట.
"నా వంతు పాయ అట్లాగే ఉంచారు"
అని తన చెవి వెనక వేలు పెట్టి చూపించింది.

"వెళ్ళొచ్చా?"

'వెళ్ళు' అనే అధికారం నాకు లేదు.
'వద్దు' అనే అధికారమూ లేదు.
ఉన్నవి చెప్పాను.
వీసా ముద్ర గడువు తీరింది, అక్కడ మళ్ళీ వేయించుకోవాలి,
వెయ్యకపోతే నీ మంచం, నీ సైకిలు, నీ సీసాలు ఇక్కడే ఉండిపోతాయి.
వర్క్ పర్మిట్ కార్డూ ఉద్యోగపు ఉత్తరమూ చేతిసంచిలో పెట్టుకో, పెట్టెలో కాదు.
ఈలోగా పని పోతే
ఖాళీగా ఉండనిచ్చే ఆ తొంభై రోజుల లెక్క
విమానంలో కూడా ఆగదు.
అంతా వింది.
పెన్ను మూత తనే తీసి నా చేతికిచ్చింది.

శుక్రవారం. ఐదుకి పది నిమిషాలు.
కోటు ఒక చెయ్యి తొడుక్కున్నాను, ఫోను మోగింది.
షికాగో విమానాశ్రయం, లోపలి గది.
అలసిపోయిన మగ గొంతు.
ఇక్కడొక అమ్మాయి, సిస్టంలో దొరకడం లేదు,
పేరు చెప్పమంటే పేరు లేదంటోంది.

నవ్వొచ్చింది, నవ్వకూడని చోట.
ఆమె పేరే అది. నెర్గుయ్ అంటే పేరులేనిది.
అక్క తర్వాత ఇద్దరు దక్కలేదట,
అందుకని ఈమెకి ఆ పేరు పెట్టారు,
వెతుక్కుంటూ వచ్చేవాటికి దొరక్కూడదని.
ఇదంతా ఆయనకి చెప్పలేదు.
ఇంటిపేరు గడిలో చూడండి, తండ్రి పేరు ఉంటుంది, అన్నాను.
కీబోర్డు చప్పుడు. చాలాసేపు కీబోర్డు చప్పుడు.
వెనక ఎక్కడో పసిబిడ్డ ఏడుపు,
ఏ దేశపుదో ఎవరూ అడగని ఏడుపు.

"ఈ సంతకం మీదేనా?"
"నాదే."
ఇంత సూటిగా నన్నెవరైనా ఏదైనా అడిగి చాలా కాలమైంది.
పెళ్ళినాడు అడిగారు, అంతే.
"నాదే" అన్నాను మళ్ళీ, అడక్కపోయినా.

ఏడున్నరదాకా కోటు రెండో చెయ్యి ఖాళీగానే వేలాడింది.
అప్పుడొచ్చింది మెసేజి:
బయటికొచ్చాను. ఆకలేస్తోంది.

సోమవారం ఫోన్లో ఫొటో చూపించింది.
మూడేళ్ళ బుర్ర, చెవి వెనక కూడా నున్నగా.
కాసేపు కిటికీలో బూట్లు చూస్తూ కూర్చుంది.
"మీరెప్పుడూ వంతెన దాటలేదా?"

వంతెన ఇక్కడికి పది నిమిషాలు. అవతలి దీపాలు కెనడావి.
దాటాను, పదిహేడేళ్ళప్పుడు,
టీనా వాళ్ళన్న కారులో, వెనక సీట్లో నలుగురం ఇరుక్కుని.
గదిలోంచి ఒకాయన వంగి ఎక్కడ పుట్టావన్నాడు.
చీక్టవాగా, అన్నాను.
నవ్వి పొమ్మన్నాడు.
తిరిగొచ్చేటప్పుడు అదీ అడగలేదు,
నిద్రపోతున్నానని.

నెర్గుయ్ నవ్వలేదు.
"నిద్రపోతూ దాటారా?" అంది.