బేబీ ఆఫ్ సరోజన

పోచమ్మమైదాన్ నెట్ సెంటర్ల
గంటకు ముప్పై రూపాయల కుర్చీ మీద నేను.
పక్కన చెల్లె,
నేలకందని కాళ్లు ఊపుతాంది.

మొదటి గడి: పేరు.
ఆడెపు మైథిలి అని కొట్టిన.
పుట్టిన సర్టిఫికెట్ల మాత్రం ఆ పేరు లేదు.
ఎంజీయం దవాఖానోల్లు రాసిచ్చిన కాయితంల
ఆడ శిశువు, బేబీ ఆఫ్ సరోజన,
అంతే.
పేరు పెట్టే తీరుబాటు
ఆ వారం మా ఇంట్ల ఎవలికీ లేకుండె.
అమ్మ దినవారాలు అయిపోయినంక
అక్కనే పెట్టింది.

ఆ అక్కనే ఇప్పుడు పిలుస్తాంది.
ఐర్లాండ్ల కార్క్ అని ఒక ఊరు,
ముసలోల్ల దవాఖానల రాత్రి డ్యూటీ.
ఎండకాలం సెలవులల్ల నలభై రోజులు
దాన్ని నా తాన ఉండనీరా, అన్నది.

పోయినేడు ఒకసారి కాదన్నరు.
కవరు విప్పితే నాలుగే వాక్యాలు.
పిలిచేటామెకు ఇరవై తొమ్మిది,
వచ్చేదానికి ఎనిమిది.
ఇద్దరు అక్కచెల్లెండ్లంటే
మాకు నమ్మకం కుదరలేదని
మస్తు మర్యాదగ రాసిండ్రు.
నాయిన చదివి చెప్పుమన్నడు, మగ్గం ఆపకుంటనే.
"అక్క కాకుంటె మరేమైతదంటరు?"
నేను చెప్పలే.
జరసేపటికి నాడె చెయ్యి జారి
గుంతల పడ్డది.

నిజం చెప్తే
వాళ్ల అనుమానం సగం తప్పు కాదు.
పాలసీస ఉడకబెట్టింది అక్క.
ఒడిల నర్సింగ్ పుస్తకం,
కాలి బొటనవేలికి ఊయల తాడు,
రేపటి పరీక్షనే రాత్రి జోలపాట:
క్లావికల్, స్కాపులా, హ్యూమరస్, రేడియస్.
చెల్లె మొదట పలికిన మాట
టిబియా అని
నాయిన ఇప్పటికీ ఒట్టు పెడతడు.

సంబంధం అనే గడి కాడ
బాణం గుర్తు నొక్కితే జాబితా దిగింది.
తల్లి, తండ్రి, భర్త, సంతానం, తోబుట్టువు, ఇతరులు.
ఒక్కటే నొక్కాల్నట.
తోబుట్టువు మీద నొక్కిన.
ఎందుకో, అబద్ధమాడినట్టు చెయ్యి వణికింది.

ఈసారి సాక్ష్యాలు గట్టిగ పెట్టినం.
రేషన్ కార్డు, బడి బోనఫైడ్,
మగ్గం ముంగట అందరం దిగిన ఫోటో.
చెల్లె పుట్టిన కాయితం, అమ్మ పోయిన కాయితం,
రెండు తారీకుల నడుమ మూడు రోజులు.
జిరాక్స్ పిలగాడు
రెండూ ఒక్క పేజీ మీదికే తెచ్చిండు,
ఒక కాయితం కలిసొస్తదని.

ఆఖరి ప్రశ్న:
తిరిగి వస్తదని భరోసా ఏంది?
ఆస్తి, ఉద్యోగం, బాధ్యతలు
ఉంటే రాయుమన్నరు.
తొమ్మిదేండ్ల మనిషికి ఏం రాయాలె?
నేను పెన్ను మూత కొరుకుతుంటే
చెల్లె స్క్రీన్ దిక్కు వంగి అన్నది,
"నా సైకిల్ మట్టెవాడల రిపేరుకిచ్చినం గద.
తెచ్చుకోవద్దా?"

చీటి దాని కంపాస్ డబ్బలనే ఉన్నది.
చైను, వెనక బ్రేకు, నూట ఇరవై.
అడ్వాన్సు యాభై ముట్టింది.
స్కాన్ చేసి ఆఖరుకు జోడించిన,
పదిహేడో పేజీ.
సెంటర్ ఆయన దానికి గూడ
ఐదు రూపాయలు పట్టిండు.

సైకిల్ తయారైందని
వారానికే ఫోనొచ్చింది.
తేవొద్దన్నది చెల్లె.
జవాబు వచ్చేదాక అక్కడనే ఉండాల్నట,
లేకుంటె మనం రాసింది అబద్ధమైతదట.

ఇయ్యాల్టికి ఇరవై మూడు రోజులు.
బడికి నడిచే పోతాంది.
మాపటీలి దుకాణం ముంగటి నుంచి వచ్చి
సంచి దించకముందే నాకు చెప్తది:
"ఉన్నదన్నా.
సీటు మీద దుమ్ము పడ్డది.
నేను తుడవలే."