ఎర్ర కర్రలు

ఒకటిన్నర కిలోమీటరు కంకర బాట.
మొదట్లో ఉత్తరాల డబ్బాల వరస, చివర్న సరస్సు,
మధ్యలో ఏడు ఇళ్లు.
సర్కారుది కాదు ఈ దారి, మా అందరిదీ.
అంటే
దీని సంగతొస్తే ఎవ్వరం నోరు మూసుకోనక్కర్లేదు.

ఇరవై రెండేళ్లుగా దారి సంఘానికి నేనే కార్యదర్శిని.
ఏప్రిల్‌లో, మంచు కరిగి బాట అంబలిలా ఉడికే వారం,
మూతబడ్డ బడిలో చిన్నపిల్లల బల్లల మీద
మోకాళ్లు గడ్డానికి తగిలేట్టు కూచుని
కంకరకి ఎవరెంతో లెక్కేస్తాం.
బండి బరువుని దూరంతో గుణిస్తే వాటా వస్తుంది.
పగని దేనితో గుణించాలో చట్టంలో లేదు.

ఔలిస్ అంటాడు:
"హిల్కా దుంగల లారీలు పద్దెనిమిది పోయాయి.
మా ఇంటి ముందు గుంటలో బాతులు ఈదుతున్నాయి."
హిల్కా అంటుంది:
"మా నాన్న ఈ బాట తవ్వుతుంటే
మీ నాన్న గట్టున కూచుని పైపు కాల్చాడు."
ఆ నాన్నలిద్దరూ ఇప్పుడు చర్చి వెనక
పక్కపక్కనే పడుకుని ఉన్నారు.
నేను రాస్తాను:
"మరమ్మతు ఖర్చుపై సభ్యులు అభిప్రాయాలు వెలిబుచ్చారు."

మే నెలలో ఔలిస్ బాటకడ్డంగా గొలుసు కట్టాడు.
తాళంచెవులు ఇంటింటికీ పంచాడు, ఒక్క ఇంటికి తప్ప.
మా ఫిన్లాండు చట్టం దయగలది:
కాళ్లున్నవాడికి అడవంతా తెరిచే ఉంటుంది,
ఎవరి చెట్ల కింద బెర్రీలైనా ఎవరైనా ఏరుకోవచ్చు.
చక్రాలుంటేనే తంటా.
డెబ్బై ఆరేళ్ల హిల్కా గొలుసు దాటి
విత్తనపు బంగాళాదుంపలు వీపున మోసుకుంటూ
ఔలిస్ వంటింటి కిటికీ ముందు నుంచి
రోజూ పోయేది,
నిదానంగా,
అవసరమైనదానికన్నా నిదానంగా.
పన్నెండో రోజు గొలుసు లేదు.
ఎవరు విప్పారని ఎవరూ అడగలేదు.

తర్వాత సర్వేయరమ్మ వచ్చింది.
మూడుకాళ్ల పరికరం, పసుపు చొక్కా,
దోమలకని పూసుకున్న తారునూనె వాసన.
రెండు రోజులు కొలిచి వెళ్లింది.
కాగితం కార్యదర్శి పేరునే కదా వస్తుంది,
నేనే విప్పాను.
పటంలో దారి తూర్పున, బిర్చి చెట్లలో ఎక్కడో ఉంది.
మేం తిరుగుతున్న బాట
పెద్దబండ దగ్గర మలుపులో
నలభై మీటర్లు
నా భూమి.

ముందు నవ్వొచ్చింది.
ఆ రాత్రి పదకొండింటికి, వెలుగు చావని జూన్ రాత్రి,
మలుపుదాకా నడిచాను.
కంకర ఎప్పటి కంకరే.
బూటు మొనతో ఒక రాయిని కదిపి
"నాది" అన్నాను మెల్లగా,
ఎవరి పెరట్లోదో పండు కొరికి చూసినట్టు.
బాగుంది.
అదే భయమేసింది.
తెల్లారి ఔలిస్ కారు దుమ్ము రేపుకుంటూ పోతే
ఇన్నేళ్లలో మొదటిసారి
ఆ దుమ్ము ఎవరిదా అని చూశాను.

ఆగస్టు సభలో కాగితం చదివాను, దాచలేదు.
"అయితే ఏమైంది?" అంది హిల్కా.
"నువ్వు మనవాడివే కదా" అన్నాడు ఔలిస్.
వాళ్లిద్దరూ ఒక్కమాట మీద నిలబడ్డ తీర్మానం
నా పుస్తకంలో అదొక్కటే.
అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాను.

అక్టోబరులో, నేల గడ్డకట్టక ముందే
బాటకి రెండువైపులా ఎర్ర కర్రలు పాతడం నా పని.
మంచు కప్పేశాక అంచు ఎక్కడో
బండి తోలే వెర్నెరికి అవే చెప్పాలి.
హద్దు ఎప్పుడూ రాత్రిపూటే నడుస్తుందని
మా అమ్మమ్మ అనేది.
నేను పట్టపగలే వెళ్లాను, సుత్తి పట్టుకుని,
ఎదురైన హిల్కాకి చెయ్యి కూడా ఊపాను.
మలుపు దగ్గర తొమ్మిది కర్రలు
జానెడు లోపలికి దిగాయి.
కింద రాయి తగిలిందని చెప్పుకున్నాను.
నాకే చెప్పుకున్నాను, అడిగినవాళ్లెవరూ లేరు.
రాయి లేదు.

నవంబరు మూడున మంచు పడింది.
చీకట్లోనే వెర్నెరి వచ్చి
నా కర్రల్ని నమ్ముకుని
బాట తీసుకుంటూ పోయాడు.