ఆ నేర్పరి ఎక్కడ పనిచేస్తాడు

మ్యూనిక్‌లో, ఇజార్ ఒడ్డున, ఏడో అంతస్తులో
ఒక గ్రీజు గురించి పొద్దున తొమ్మిదికి వాదన మొదలైంది.
ముగ్గురు పరీక్షకులు, ఆరు సీసాల నీళ్ళు,
కిటికీ అవతల పడాలా వద్దా అని తటపటాయిస్తున్న మంచు.
నేను ఎదుటి పక్షం.
ఆ గ్రీజులో కొత్తేమీ లేదని రాసిన చెయ్యి నాదే.

మా చట్టంలో ఒక మనిషి ఉంటాడు.
పేరు లేదు, నేర్పరి అంటాం.
లోకంలో అచ్చయిన ప్రతి కాగితమూ చదివి ఉంటాడు.
అన్నీ తెలుసు, ఏదీ తోచదు.
ఆకలెయ్యదు, విసుగు రాదు,
బేరింగు కాలిమీద పడి గోరు నల్లబడదు.
అతనికి తట్టే సంగతైతే పేటెంటు లేదు.

మూడు వారాలు కూర్చుని అతన్ని నేనే తయారుచేశాను.
ఎడమచేతికి డెబ్బై నాలుగు నాటి కాగితం ఇచ్చాను:
లిథియం సబ్బు, ఆముదంలోంచి తీసిన ఆమ్లం.
కుడిచేతికి ఒసాకా నుంచి వచ్చింది:
పల్చటి నూనె చలిలో తొందరగా పాకుతుంది.
రెండు చేతులూ కలిస్తే చప్పట్లు,
ఇందులో వింతేముంది, అన్నాను.

అవతల రోట్రౌట్ హ్యుంఫర్, ష్వైన్‌ఫుర్ట్ నుంచి.
అరవై రెండేళ్ళు. ఎంత కడిగినా వదలని
నల్లటి గీత ప్రతి గోటి కిందా.
లాయరు వద్దంటున్నా లేచి నిలబడింది.

"గాలి లేని రోజు గాలిమర ఆగి ఉంటుంది కదా,
తిరక్కుండానే లోపల బేరింగు అరుగుతుంది.
స్తంభం సన్నగా వణికితే చాలు,
ఉక్కు గుండు ఉన్నచోటే ఉండి
ఒకే గాటు తవ్వుకుంటుంది.
బరువెక్కువైతే కందెన చిక్కగా ఉండాలని
నాకు మా మేస్త్రీ చెప్పాడు,
ఆయనకు ఆయన మేస్త్రీ చెప్పాడు.
ఏడేళ్ళు చిక్కబరుస్తూ పోయాం.
ముప్ఫై ఒక్క బేరింగులు కోసి చూశాను.
గాటు పడని చోటల్లా గ్రీజు ఏడ్చి ఉంది,
నూనె ఊరి, చెమ్మగా.
మేమేమో ఏడవని గ్రీజు కోసం వెతుకుతున్నాం."

ఎవరూ ఏమీ రాసుకోలేదు.
మా పెద్దాయన ఆన్స్‌గార్ వేలింగ్ కళ్ళద్దాలు తుడుచుకుని
చాలా మర్యాదగా, ఒసాకా కాగితం
నాలుగో పేజీ తెరవమన్నాడు.

విరామంలో కాఫీ యంత్రం దగ్గర ఇద్దరమే.
నాణెం మింగి కప్పు ఇవ్వలేదది.
ఆమె పక్కన ఒక్క చరుపు చరిచింది. కప్పు పడింది.
"మీరు చెప్పే ఆ నేర్పరి" అంది, చక్కెర కలుపుతూ,
"ఎక్కడ పనిచేస్తాడు?
ఏడేళ్ళు నా దగ్గర ఒక ఉద్యోగం ఖాళీగా ఉంది.
ప్రకటన కూడా వేశాం."

నవ్వాను. ఆమె నవ్వలేదు.
విప్పేశాక పొడుపుకథ ఎవరికి తెలీదు?
నా జీతమే విప్పేశాక వచ్చే జీతం.

నాలుగూ నలభైకి తీర్పు.
అధ్యక్షురాలు నిలబడి చదివింది, రెండే వాక్యాలు.
పేటెంటు రద్దు.
వేలింగ్ నా భుజం తట్టాడు.
హ్యుంఫర్ తన కాగితాలు సర్దుకుంది,
సంచిలోంచి కోసిన బేరింగు ముక్క ఒకటి
బల్లమీదికి దొర్లితే
చేత్తో ఆపి, జేబులో వేసుకుంది.
దాన్ని ఎవరూ చూపించమని అడగలేదు.

ఇంగోల్‌ష్టాట్ దాటాక చీకటి పడింది.
పొలాల మీద గాలిమరలు, ఒక్కటీ తిరగడం లేదు.
నెత్తిన ఎర్రదీపాలు మాత్రం
ఆరి వెలుగుతున్నాయి, ఆరి వెలుగుతున్నాయి.
నా పక్క సీటు ఖాళీ.
అతను కూర్చుని ఉన్నాడనుకున్నాను,
అన్నీ చదివినవాడు, నా చేతివాటం.
వాటివైపు చూపించి అడిగాను,
లోపల ఇప్పుడేం జరుగుతోంది అని.

ఏ కాగితంలో ఉందో చెప్పు, అన్నాడు.