దిగే మనిషి

కురిచేడు దాటాక చిల్లచెట్ల వంపులో
గేటు లేని చోట
బస్సు ఆగుద్ది.
నేను దిగుతా.
నా జీతం అందుకే.

రూళ్ళు రాసింది ఎలీషా మేష్టారు,
ఎడ్లబండి సంగతి ఊళ్ళోకి చేరిన మర్నాడు.
సర్కారు ఆర్డరేం కాదు,
లెక్కల నోటులోంచి చించిన కాయితం.
డ్రైవరు పేరయ్య చదివి వినిపించి
అన్నం మెతుకుల్తో అద్దం పక్కన అంటించాడు.
పట్టాలకి ముప్పై అడుగుల ముందే ఆపాలి.
ఒకరు దిగి చూడాలి.
పిల్లలు నోరు మెదపకూడదు.
ఫస్టు గేరులో దాటాలి, నడిమధ్య గేరు మార్చరాదు.
అయిదోది మొదలెట్టి కొట్టేశాడంట.
ఏం రాయబోయాడో నేనడగలా.

ఇంజను ఆపితే మళ్ళీ అంటుకోదు
ఈ ముసలిబండి.
అందుకని దాని రొద వినపడనంత దూరం
నేనే నడుస్తా,
తెగిన చెప్పుతో కంకర మీద.
ఎడమన దొనకొండ, కుడిన వినుకొండ.
కంటికి ఆనేది సగమే,
వంపు అవతల ఏముందో చెవులే చెప్పాలి.
చెవులూ చెప్పకపోతే తొండ చెబుద్ది:
పట్టా మీద ఎండ కాగేది
చటుక్కున దిగిందా,
ఎర్రగుడ్డ ఎత్తేస్తా.

వెనక నలభైరెండు నోళ్ళు మూతబడి ఉంటాయి.
ఒకసారి ఖాజాబీకి ఎక్కిళ్ళొచ్చాయి.
అంత నిశ్శబ్దంలో
అందరం వాటినే విన్నాం.
రైలు రాలా.

"ఎనిమిదేళ్ళలో ఎన్ని ఆపావే రాహేలూ?"
పేరయ్యకి ఎగతాళి.
రెండు.
ఒకటి, గొడుగేసుకున్న ఇంజనీరు తోపుడు ట్రాలీ.
రెండోది గూడ్సు.
గూడ్సు సంగతి ఎత్తితే
ఆయన బీడీ వెతుక్కుంటాడు.

పచ్చగుడ్డ ఊపుతా.
బస్సు మూలుగుతూ పట్టాలెక్కి దిగుద్ది,
అవతలి గట్టుకి చేరగానే
లోపల సంత మొదలు:
పలకలు, తిట్లు, రేగ్గాయల పంపకాలు.
అప్పుడు దాటతా నేను,
వెనకాల ఒక్కదాన్నే,
నాకోసం ఎవరూ దిగకుండా.

మొన్న బస్సు దాటింది,
గోల లేదు.
గుండె జారి,
రెండు గుడ్డలూ చంకన పెట్టుకుని ఉరికా.
కిటికీలో ఖాజాబీ,
పెదాల మీద వేలు,
దొనకొండ వైపు ఒకసారి, వినుకొండ వైపు ఒకసారి
మెడ తిప్పుతా ఉంది.
ఏమయిందే అంటే
కసిరింది నన్ను:
"మాట్టాడబాక.
నువ్వింకా దాటలా."